రిటైరైన తర్వాత ఆరోగ్య బీమా: తరచుగా అడిగే ప్రశ్నలు

పదవీ విరమణకు దగ్గరపడినవారు, అరవై దాటినవారు, తల్లిదండ్రుల వైద్య ఖర్చు మోస్తున్న పిల్లలు ఆరోగ్య బీమా గురించి అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకేలా ఉంటున్నాయి. అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉంటున్న పెద్దవారిని దృష్టిలో పెట్టుకొని వాటిని ఒకచోట చేర్చాము. ఎవరికి అవసరమైన ప్రశ్న వద్దకు వారు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఉద్యోగంలో ఉండగానే ఆలోచించవలసినవి

వచ్చే మార్చిలో రిటైరవుతున్నాను. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఆ రోజుతో ఆగిపోతుందా?

చాలా కంపెనీలలో ఆగిపోతుంది. కొన్ని సంస్థలు ఆ పాలసీ సంవత్సరం ముగిసే వరకు కొనసాగిస్తాయి. కొన్ని, ముఖ్యంగా బ్యాంకులు, రిటైరైనవారే ప్రీమియం కట్టుకొనేలా వేరే గ్రూప్ పాలసీ ఏర్పాటు చేస్తాయి. ఈ రెండూ లేనప్పుడు మీకు మిగిలే ముఖ్యమైన హక్కు, అదే బీమా కంపెనీ అమ్మే వ్యక్తిగత పాలసీలోకి మారడం. ఇలా మారితే గ్రూప్ పాలసీలో మీరు గడిపిన కాలాన్ని పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్‌లో (క్లెయిమ్ ఇవ్వకుండా కంపెనీ ఆగమనే కాలంలో) లెక్కలోకి తీసుకుంటారు. అయితే ప్రీమియం మీ వయసును బట్టి మారుతుంది, కంపెనీ మీ ఆరోగ్య వివరాలు అడగవచ్చు. చివరి పనిదినానికి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టండి. పాలసీ కాపీ, మీరు అందులో చేరిన తేదీ, ఇంతవరకు చేసిన క్లెయిముల వివరాలు హెచ్‌ఆర్ విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఉద్యోగం వదిలాక ఈ కాగితాలు సంపాదించడం కష్టం.

నాకు 52 ఏళ్లు, కంపెనీ పాలసీ ఉంది. ఇప్పుడే సొంత పాలసీకి డబ్బు ఎందుకు కట్టాలి?

ఎందుకంటే వెయిటింగ్ పీరియడ్ లెక్క మీరు పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది. అప్పటికే ఉన్న షుగర్, బీపీ వంటి జబ్బులకు బీమా కంపెనీ గరిష్ఠంగా 36 నెలలు ఆగమనవచ్చు. 52 ఏళ్లకు చిన్న మొత్తానికైనా పాలసీ తీసుకుంటే 55 నాటికి ఆ గడువు దాటిపోతుంది. 60 ఏళ్లకు తీసుకుంటే ఆస్పత్రి అవసరం ఎక్కువయ్యే సరిగ్గా ఆ మూడేళ్లలోనే రక్షణ ఉండదు. పైగా 52 ఏళ్ల వయసులో మీ దరఖాస్తును ఒప్పుకొనే కంపెనీ, మధ్యలో ఒక స్టెంట్ పడ్డాక ఒప్పుకోకపోవచ్చు. ఈ పేజీలోని సలహాలన్నింటిలో ఒక్కటే పాటించగలిగితే దీన్నే పాటించండి.

మా అబ్బాయి కంపెనీ పాలసీలో మేమిద్దరం ఉన్నాం. అది చాలదా?

ఉన్నంతకాలం అది చాలా మంచి రక్షణ, ఎందుకంటే గ్రూప్ పాలసీలలో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే చెల్లించే ఏర్పాటు తరచుగా ఉంటుంది. అయితే అది మీ అబ్బాయి ఉద్యోగానికి ముడిపడిన రక్షణ. అతను ఉద్యోగం మారినా, విదేశానికి వెళ్లినా, తల్లిదండ్రులకు వర్తించే భాగాన్ని కంపెనీ తీసివేసినా అది ఒక్క రోజులో పోతుంది. దానికి తోడుగా మీ పేరుమీద ఒక సొంత పాలసీ నడుపుతూ, ఆస్పత్రి ఖర్చు వచ్చినప్పుడు ముందు గ్రూప్ పాలసీని వాడుకోవడం మేలు.

## ప్రభుత్వ పథకాలలో మీకు వర్తించేది

నేను రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్‌ని. నాకు విడిగా బీమా అవసరమా?

రెండు రాష్ట్రాలలోనూ పెన్షనర్లకు, కుటుంబ పెన్షనర్లకు ఉద్యోగుల ఆరోగ్య పథకం వర్తిస్తుంది. ముందుగా చూసుకోవలసినది, మీ ఉద్యోగి కార్డు పెన్షనర్ కార్డుగా మారిందా, భార్య లేదా భర్త పేరు అందులో ఉందా అన్నది. ఆధార్‌లోని పేరుకూ పెన్షన్ కాగితాలలోని పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆస్పత్రి కౌంటర్ వద్ద ఆలస్యం కావచ్చు. మీ పెన్షన్ చూసే ట్రెజరీ కార్యాలయంలో ముందే సరిచేయించుకోండి. ఇక అదనపు బీమా అవసరమా అన్నది మీ ఊరికి దగ్గరలోని పెద్ద ఆస్పత్రి ఈ పథకం కింద నిజంగా చేర్చుకుంటున్నదా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. జాబితాలో పేరుండటం వేరు, చేర్చుకోవడం వేరు. ఒకసారి స్వయంగా వెళ్లి అడిగి, సమాధానం సందేహంగా ఉంటే మధ్యస్థంగా ఒక పాలసీ పెట్టుకోవడం మంచిది.

కేంద్ర ప్రభుత్వంలో రిటైరయ్యాను. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డుకు డబ్బు కట్టడం లాభమేనా?

సీజీహెచ్‌ఎస్ వెల్‌నెస్ సెంటర్‌కు వెళ్లిరాగలిగే దూరంలో ఉంటే నిస్సందేహంగా లాభమే. పదేళ్ల చందా ఒకేసారి కట్టితే జీవితాంతం వర్తించే కార్డు వస్తుంది. నెలవారీ చందా రిటైరైనప్పటి వేతన స్థాయిని బట్టి ఉంటుంది. ఆస్పత్రి ఖర్చుతో పాటు రోజువారీ మందులు, డాక్టరు సంప్రదింపు కూడా ఇందులో ఉంటాయి. ఏ ప్రైవేటు పాలసీలోనూ ఇంత తేలికగా దొరకనిది ఇదే. ఈ సదుపాయం లేని ఊళ్లో స్థిరపడినవారికి, అవుట్‌పేషెంట్ ఖర్చుల కోసం నెలకు 1,000 రూపాయల వైద్య భత్యం కోరుకొనే వీలుంది. రైల్వేలో రిటైరైనవారికి ఆర్‌ఈఎల్‌హెచ్‌ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకాలు ఇదే తరహాలో పనిచేస్తాయి.

ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కొనసాగుతుందా?

ఈఎస్‌ఐ పరిధిలోని ఉద్యోగంలో కనీసం 5 ఏళ్లు ఉండి, వయసు నిండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి తమకూ తమ భార్య లేదా భర్తకూ వైద్య సదుపాయం కొనసాగించుకోవచ్చు. ఇది తెలియక వదిలేసుకున్నవారు చాలామంది ఉన్నారు. మీ శాఖా కార్యాలయంలో ఈఎస్‌ఐ నంబరు, రిటైర్మెంట్ ధ్రువపత్రం చూపి దరఖాస్తు చేయండి.

రేషన్ కార్డు ఉంది. ఆరోగ్యశ్రీ ఉండగా ఇంకేదైనా కావాలా?

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. 2023 డిసెంబరులో పరిమితిని తెలంగాణ 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షల రూపాయలకు పెంచాయి. గుండె, కిడ్నీ, క్యాన్సర్ వంటి పెద్ద చికిత్సలకు ఇది నిజమైన అండ. ఆస్పత్రిలో ఉండే పథకం ప్రతినిధి, ఆరోగ్య మిత్ర ద్వారా అనుమతి జరుగుతుంది, జబ్బు పాతదా కొత్తదా అన్న ప్రశ్న ఉండదు. అయితే జాబితాలో ఉన్న చికిత్సలకు మాత్రమే వర్తిస్తుంది. కొద్దిపాటి ఆదాయం ఉన్న కుటుంబం అప్పు చేసి ప్రైవేటు పాలసీ కట్టవలసిన అవసరం లేదు. జాబితాలో లేని చికిత్సల కోసం, రోజువారీ మందుల కోసం కొంత పొదుపు ఉంచుకుంటే చాలు.

## 70 ఏళ్లు నిండినవారికి

మా నాన్నగారికి 74 ఏళ్లు, ఆదాయపు పన్ను కడతారు. ఆయుష్మాన్ కార్డు వస్తుందా?

వస్తుంది. 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత ఆస్పత్రి చికిత్స ఇచ్చే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. దీని పేరు ఆయుష్మాన్ వయ వందన కార్డు. వయసును ఆధార్ ప్రకారమే చూస్తారు. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా ఉంటే ముందు దాన్ని సరిచేయించాలి. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఈ-కేవైసీతో నమోదు చేసుకోవచ్చు, పథకంలో ఉన్న ఆస్పత్రిలో కూడా నమోదు చేస్తారు.

ఈ 5 లక్షలు ఒక్కొక్కరికి విడివిడిగా కాదు, ఒక కుటుంబంలో 70 దాటినవారందరికీ కలిపి. మీ అమ్మగారికి 66 ఏళ్లయితే ఆమెకు ఇది వర్తించదు. కుటుంబం ఇంతకుముందే ఆయుష్మాన్ భారత్‌లో ఉంటే, 70 దాటినవారికి అదనంగా మరో 5 లక్షలు వస్తాయి, వాటిని ఇంట్లోని చిన్నవారు వాడలేరు. పాత జబ్బులకు మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, వెయిటింగ్ పీరియడ్ లేదు. ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులు కూడా ఇందులో కలుస్తాయి. చేరకుండా చూపించుకొనే ఓపీ ఖర్చు రాదు. మీకు దగ్గరలో ఏ ఆస్పత్రి ఈ పథకంలో ఉందో 14555 నంబరులో అడిగి, రెండు మూడు పేర్లు ఇంట్లో రాసిపెట్టుకోండి.

ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా వయ వందన కార్డు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, ప్రైవేటు పాలసీ ఉన్నవారు, ఈఎస్‌ఐ సదుపాయం ఉన్నవారు కూడా అర్హులే. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. రోజువారీ మందులు కూడా ఇచ్చే ఆ పథకాలను వదులుకోవడం చాలా మందికి నష్టమే అవుతుంది. ఇక ఈ కార్డు వచ్చింది కదా అని ఏళ్లుగా నడుస్తున్న ప్రైవేటు పాలసీని ఆపివేయవద్దు. ఒకసారి ఆపితే అన్నేళ్లుగా సంపాదించుకున్న కొనసాగింపు పోతుంది, ఆ వయసులో మళ్లీ కొత్త పాలసీ దొరకడం కష్టం.

72 ఏళ్లకు ప్రైవేటు కంపెనీలు కొత్త పాలసీ ఇస్తాయా? గుండె ఆపరేషన్ కూడా అయింది.

2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నియమాలలో వయసుపై పరిమితి ఏదీ లేదు. అన్ని వయసులవారికీ పాలసీలు రూపొందించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. అంటే ప్రతి కంపెనీ ప్రతి ఒక్కరినీ తప్పక చేర్చుకోవాలని కాదు. ఆరోగ్య పరీక్షలు చేయించి, ఎక్కువ ప్రీమియం అడిగి, 20 నుంచి 30 శాతం కో-పే (క్లెయిమ్‌లో మీరే కట్టవలసిన వాటా) పెట్టి ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. ఇద్దరు ముగ్గురిని అడిగినా దొరకనప్పుడు, ఆ ప్రీమియం మొత్తాన్ని ఏటా విడిగా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటూ వయ వందన కార్డును ప్రధాన ఆధారంగా పెట్టుకోవడం సమంజసం. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో పెద్ద చికిత్సలు కార్పొరేట్ ఆస్పత్రుల కంటే చాలా తక్కువ ఖర్చుతో జరుగుతాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

## పాలసీ కొనేటప్పుడు

ఏజెంటు షుగర్ సంగతి రాయవద్దంటున్నాడు. రాస్తే పాలసీ రాదా?

రాయండి. పెద్దవారి క్లెయిములు తిరస్కరణకు గురయ్యే కారణాలలో ఇది ముఖ్యమైనది. ఆస్పత్రిలో చేరిన రోజు డాక్టరు అడిగే మొదటి ప్రశ్నే "షుగర్ ఎన్నేళ్లుగా ఉంది" అన్నది. మీరో మీ పిల్లలో చెప్పిన "పన్నెండేళ్లుగా" అన్న జవాబు కేస్ షీట్‌లో నమోదవుతుంది. బీమా కంపెనీ ఆ కాగితాన్ని దరఖాస్తుతో పోల్చి చూస్తుంది. అప్పుడు క్లెయిమ్ పోవడమే కాక పాలసీ కూడా రద్దు కావచ్చు, ఆ రోజు ఏజెంటు మీ పక్కన ఉండడు.

దరఖాస్తును ఏజెంటు ఫోనులో నింపి, మీకు వచ్చిన ఓటీపీ మాత్రం అడిగి పంపేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఓటీపీ చెప్పడం సంతకం పెట్టడంతో సమానం. నింపిన ఫారాన్ని ఆరోగ్య ప్రశ్నలతో సహా మీ వాట్సాప్‌కు పంపమని, చదివాకే ఓటీపీ ఇస్తానని చెప్పండి. వాడే మందుల పేర్లు, జరిగిన ఆపరేషన్లు, ఎప్పుడో చేయించిన యాంజియోగ్రామ్ కూడా రాయించండి. పాలసీ పత్రం చేతికి వచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది. ఆ రోజుల్లోనే ఆరోగ్య వివరాలు సరిగా నమోదయ్యాయో లేదో చూసి, తేడా ఉంటే ఈమెయిల్‌లో తెలియజేయండి.

వెయిటింగ్ పీరియడ్ అంటే ఎన్ని రకాలు?

మూడు. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. శుక్లాల ఆపరేషన్, మోకాలి మార్పిడి, హెర్నియా, ప్రోస్టేట్ వంటి వాటికి చాలా పాలసీలలో 24 నెలలు ఆగాలి, అవి మీకు ముందు లేకపోయినా సరే. అప్పటికే ఉన్న జబ్బులకు 36 నెలల వరకు పెట్టవచ్చు. 2024కు ముందు ఇది 48 నెలలు ఉండేది. అదనపు ప్రీమియంతో ఈ గడువును తగ్గించే పాలసీలు కూడా ఉన్నాయి.

గది అద్దె పరిమితి, కో-పే అంటే అసలు ఎంత నష్టం?

అంకెలలో చూస్తేనే అర్థమవుతుంది. 5 లక్షల పాలసీలో గది అద్దె పరిమితి 1 శాతం, అంటే రోజుకు 5,000 రూపాయలు అనుకుందాం. మీరు 8,000 రూపాయల గదిలో చేరారు. చాలామంది రోజుకు 3,000 మాత్రమే తమ మీద పడుతుందనుకుంటారు. కానీ గదిని బట్టి మారే డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలను కూడా కంపెనీ అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. ఆ ఛార్జీలు 2,40,000 అయితే ఎనిమిదింట ఐదు వంతుల లెక్కన 1,50,000 మాత్రమే ఇస్తుంది. 90,000 మీ జేబులోంచి పోతుంది. మందులు, స్టెంట్ వంటి పరికరాలు, పరీక్షల ఖర్చుపై ఈ కోత వేయకూడదన్నది నియమం. బిల్లులో వేశారేమో చూసుకోండి.

కో-పే దీనికి అదనం. ఒప్పుకున్న క్లెయిమ్ 3 లక్షలై, 20 శాతం కో-పే ఉంటే 60,000 మీరే కట్టాలి. కాబట్టి పెద్దవారు పాలసీ ఎంచుకొనేటప్పుడు బీమా మొత్తం ఎంత పెద్దది అన్నదాని కంటే, గది అద్దె పరిమితి ఉందా, కో-పే ఎంత అన్నవి ముందు అడగాలి. ఉదాహరణకు అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000; కో-పే 5 శాతం; శుక్లాల ఆపరేషన్‌కు ఒక్కో కంటికి గరిష్ఠంగా 40,000. చిన్న పట్టణాలలో చికిత్స చేయించుకొనేవారికి ఇది సరిపోవచ్చు, హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రికి సరిపోదు.

పిల్లలతో కలిపి ఒకే ఫ్యామిలీ పాలసీ తీసుకుంటే చవక కదా?

పెద్దవారున్న ఇంట్లో కాదు. కుటుంబమంతటికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే ఫ్యామిలీ ఫ్లోటర్‌లో ప్రీమియం సాధారణంగా అందరికంటే పెద్దవారి వయసును బట్టి నిర్ణయమవుతుంది. పైగా తండ్రి గుండె చికిత్సకు బీమా మొత్తం అయిపోతే మిగిలిన ఏడాది మనవడికి ఏమీ మిగలకపోవచ్చు. తల్లిదండ్రులకు విడిగా, అందులోనూ ఒకరికి తీవ్రమైన జబ్బు ఉంటే ఇద్దరికీ వేర్వేరుగా తీసుకోవడం మంచిది.

సూపర్ టాప్-అప్ పెద్దవారికి ఉపయోగపడుతుందా?

ఉపయోగపడుతుంది, అర్థం చేసుకొని తీసుకుంటే. 5 లక్షల డిడక్టిబుల్ ఉన్న సూపర్ టాప్-అప్, ఏడాదిలో మీ ఆస్పత్రి ఖర్చులన్నీ కలిపి 5 లక్షలు దాటాక పనిచేయడం మొదలుపెడుతుంది. మామూలు టాప్-అప్‌లో ఒక్కో చేరికకు విడిగా 5 లక్షలు దాటాలి. పెద్దవారు ఏడాదిలో రెండు మూడుసార్లు చేరే అవకాశం ఉంటుంది కాబట్టి సూపర్ టాప్-అప్ మేలు. దీని ప్రీమియం అదే మొత్తానికి తీసుకొనే పూర్తి పాలసీ కంటే బాగా తక్కువ. ఆ మొదటి 5 లక్షలు వేరే పాలసీ నుంచి కట్టినా, సొంతంగా కట్టినా ఒకటే.

ఏటా ప్రీమియం పెంచుతున్నారు. దీనికి హద్దు లేదా?

2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఒక ఆదేశం ఇచ్చింది: 60 ఏళ్లు పైబడినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఆ సంస్థను సంప్రదించాలి. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ తీసివేశారు. అంతకుముందు 40,000 ప్రీమియానికి 47,200 కట్టినవారికి 7,200 మిగిలినట్టే. గ్రూప్ పాలసీలకు ఈ మినహాయింపు లేదు. కొనే ముందే 65, 70, 75, 80 ఏళ్ల వయసులో ఈ రోజు రేటు ఎంత ఉందో పట్టిక అడిగి చూడండి. ఇప్పుడు కట్టగలగడం కాదు, 78 ఏళ్లకు పెన్షన్ మీద కట్టగలగడం ముఖ్యం.

పెద్దవారి ప్రీమియానికి ఆదాయపు పన్నులో ఎంత మినహాయింపు ఉంది?

80డి అని అందరూ పిలిచే మినహాయింపు కింద సీనియర్ సిటిజన్ల ప్రీమియానికి 50,000 రూపాయల వరకు తగ్గించుకోవచ్చు. అరవై దాటిన కొడుకు తన పాలసీకి, తల్లిదండ్రుల పాలసీకి కలిపి లక్ష వరకు చూపవచ్చు. బీమా అసలే లేని సీనియర్ సిటిజన్లకు అయిన వైద్య ఖర్చును కూడా ఇదే పరిమితిలో చూపవచ్చు. నగదుగా చెల్లిస్తే వర్తించదు. ఇదంతా పాత పన్ను విధానంలో మాత్రమే. కొత్త విధానంలో లేదు.

మేము అమెరికాలో ఉంటాం. అమ్మానాన్నలు అక్కడా ఇక్కడా ఉంటారు. ఏ బీమా కావాలి?

వారికి రెండు వేర్వేరు రక్షణలు కావాలి. ఇండియాలో తీసుకున్న మామూలు పాలసీ విదేశంలో చికిత్సకు చెల్లించదు. అయినా వారు మీ దగ్గర ఉన్న ఆరు నెలలూ దాన్ని రెన్యువల్ చేస్తూనే ఉండాలి. అమెరికాకు వచ్చినప్పుడు సందర్శకుల బీమా తీసుకుంటారు, కానీ అందులో పాత జబ్బులకు రక్షణ చాలా పరిమితం. హఠాత్తుగా తీవ్రమైనప్పుడు మాత్రమే, అదీ ఒక హద్దు వరకు ఇస్తారు. గ్రీన్ కార్డు వచ్చిన 65 దాటినవారు ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరాలన్నా సాధారణంగా వరుసగా 5 ఏళ్లు అక్కడ నివసించి ఉండాలి. కెనడా సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడియన్ డాలర్ల బీమా ఏడాదికి చూపడం తప్పనిసరి.

## ఆస్పత్రిలో చేరినప్పుడు

క్యాష్‌లెస్ (బిల్లును బీమా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే పద్ధతి) అనుమతికి ఎంతసేపు ఆగాలి?

2024 మే నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం చేరేటప్పుడు పంపిన అభ్యర్థనపై బీమా కంపెనీ గంటలోగా నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ రోజున ఆస్పత్రి తుది బిల్లు పంపిన 3 గంటలలోగా అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి అదనంగా ఛార్జీ వేస్తే అది కంపెనీయే భరించాలి. ఆస్పత్రి బిల్లు పంపడంలో చేసే ఆలస్యం మాత్రం ఈ లెక్కలోకి రాదు. కాబట్టి బీమా డెస్క్‌లో "మీరు ఎన్ని గంటలకు పంపారు" అని అడిగి సమయం రాసుకోండి. ముందే తెలిసిన ఆపరేషన్ అయితే కనీసం 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 24 గంటలలో కంపెనీకి తెలియజేయండి.

క్యాష్‌లెస్ వచ్చినా కొంత డబ్బు కట్టమన్నారు. ఎందుకు?

చేతి తొడుగులు, మాస్కులు, డైపర్ల వంటి 68 వస్తువుల జాబితా ఒకటుంది. మామూలు పాలసీలో వీటికి చెల్లించరు, అదనపు రైడర్ (పాలసీకి జోడించుకొనే అదనపు రక్షణ) ఉంటే చెల్లిస్తారు. ఎక్కువ రోజులు ఐసీయూలో ఉన్న పెద్దవారి బిల్లులో ఇది చిన్న మొత్తమేమీ కాదు. వీటితో పాటు కో-పే, గది అద్దె కోత ఉండవచ్చు. ఏది ఎందుకు కోశారో చూపే అనుమతి పత్రం కాపీ అడిగి తీసుకున్నాకే డబ్బు కట్టండి.

మేమే కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవాలంటే ఏమేం దాచాలి?

డిశ్చార్జ్ సమ్మరీ, వివరాలతో కూడిన తుది బిల్లు, రసీదులు, డాక్టరు చీటీతో సహా మందుల బిల్లులు, పరీక్షల రిపోర్టులు, స్టెంట్ లేదా లెన్స్ వేస్తే దాని స్టిక్కర్. అసలు కాగితాలు ఇచ్చే ముందు ప్రతిదీ ఫోటో తీసుకోండి. గడువు చాలా పాలసీలలో 15 నుంచి 30 రోజులు. చేరడానికి ముందు, డిశ్చార్జ్ తర్వాత అయిన మందులు, పరీక్షల ఖర్చు కూడా నిర్ణీత రోజుల వరకు వస్తుంది. దీన్ని అడగడం చాలామంది మరచిపోతారు.

రోజూ వాడే మందులకు, ఇంట్లో ఉండే ఆయాకు బీమా ఇస్తుందా?

సాధారణంగా ఇవ్వదు. ఓపీ సదుపాయం ఉన్న పాలసీలు ఉన్నాయి కానీ, కట్టే అదనపు ప్రీమియానికీ తిరిగివచ్చే మొత్తానికీ పెద్ద తేడా ఉండదు. బీపీ, షుగర్ మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా, జన ఔషధి దుకాణాలలో తక్కువ ధరకు దొరుకుతాయి. కదిలించలేని స్థితిలో ఉన్న రోగికి డాక్టరు సలహాపై ఇంట్లోనే ఆస్పత్రి స్థాయి చికిత్స జరిగితే కొన్ని పాలసీలు చెల్లిస్తాయి. మంచాన ఉన్నవారిని చూసుకొనే మనిషి జీతం దాని కిందికి రాదు.

## పాలసీని నిలబెట్టుకోవడం

రెన్యువల్ తేదీ దాటిపోయింది. అంతా పోయినట్టేనా?

ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టే పాలసీకి 30 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల కడితే వెయిటింగ్ పీరియడ్ లెక్క చెక్కుచెదరదు, కానీ మధ్యలోని రోజుల్లో ఆస్పత్రిలో చేరితే డబ్బు రాదు. 30 రోజులు దాటితే కొత్త పాలసీ కిందే లెక్క. పెన్షన్ ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టించి, తేదీని పిల్లల ఫోనులో కూడా గుర్తు పెట్టించండి. గత ఏడాది క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించే అధికారం కంపెనీకి లేదు.

ఆయన పేరుమీద పాలసీ ఉండేది. ఆయన పోయాక నాకు కొనసాగుతుందా?

ఇద్దరి పేర్లూ ఉన్న ఫ్లోటర్ అయితే, మీరు పాలసీదారుగా మారి కొనసాగించవచ్చు. మీరు ఇన్నేళ్లు అందులో ఉన్న కాలం పోదు. మరణ ధ్రువపత్రంతో కంపెనీకి లేఖ రాసి, రెన్యువల్ తేదీకి ముందే ఈ పని పూర్తి చేయించాలి. ఆయన చివరి చికిత్సకు సంబంధించిన రీయింబర్స్‌మెంట్ రావలసి ఉంటే నామినీకి చెల్లిస్తారు. ఆయన ఒక్కరి పేరుమీద ఉన్న పాలసీ అయితే మీకు వర్తించదు. ప్రభుత్వ పెన్షనర్ అయితే కుటుంబ పెన్షన్ మంజూరైన వెంటనే ఆరోగ్య కార్డును మీ పేరుకు మార్పించుకోండి. ఈ కష్టకాలంలో ఇవన్నీ మీరొక్కరే చూసుకోలేకపోవచ్చు. పిల్లలు ఈ బాధ్యత తీసుకోవాలి.

## క్లెయిమ్ తిరస్కరించినప్పుడు

ఏడేళ్లుగా కడుతున్న పాలసీలో, బీపీ చెప్పలేదంటూ క్లెయిమ్ తిరస్కరించారు. ఇది న్యాయమేనా?

నియమం మీ వైపే ఉంది. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక, ఏదో వివరం చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్‌ను ప్రశ్నించకూడదు. మోసం రుజువైతే తప్ప. పాలసీ మధ్యలో వేరే కంపెనీకి మార్చుకున్నా పాత కాలం కలుస్తుంది, బీమా మొత్తం పెంచుకుంటే పెంచిన భాగానికి మాత్రం ఆ పెంచిన రోజు నుంచి లెక్క. ఏ క్లెయిమ్‌నైనా కంపెనీలోని క్లెయిమ్‌ల సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు, ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో రాసి ఇవ్వాలి. ఆ లేఖ అడిగి తీసుకోండి. ఫోనులో చెప్పిన మాటపై ఏ ఫిర్యాదూ నిలవదు.

లాయరును పెట్టుకొనే స్తోమత లేదు. ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ముందుగా బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపండి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబరులో కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు విని తీర్పు చెప్పే అధికారి) వద్దకు వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ కలిపి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు, 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. అదే విషయంపై అప్పటికే కోర్టులో గానీ వినియోగదారుల కమిషన్‌లో గానీ కేసు ఉండకూడదు.

దరఖాస్తుతో పాటు పాలసీ కాపీ, తిరస్కరణ లేఖ, డిశ్చార్జ్ సమ్మరీ, మీరు కంపెనీకి పంపిన ఫిర్యాదు జతచేయండి. జబ్బు ఎప్పటి నుంచి ఉందన్నదే వివాదమైతే, చికిత్స చేసిన డాక్టరు నుంచి ఆ విషయం స్పష్టంగా రాయించిన ఉత్తరం అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. అంబుడ్స్‌మన్ ఇచ్చిన తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. ఆ తీర్పు మీకు నచ్చకపోతే దానికి కట్టుబడి ఉండవలసిన పని లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి అప్పటికీ తెరిచే ఉంటుంది.